ఇసకలో పారేసింది

తెల్లారేసరికి గురువమ్మ జాలారిపేట ఒడ్డున కత్తిపీట ముందు కూర్చుని ఉంటుంది. కింద గోనెపట్టా, పక్కన నీళ్ళ బకెట్టు, ఎదురుగా పిల్లులు. పట్టా చిరిగితే కొత్తది వచ్చింది, బకెట్టు పగిలితే ఇంకోటి వచ్చింది, పిల్లుల్లో ముసలివి పోయి వాటి పిల్లలు వచ్చాయి. గురువమ్మ మాత్రం అదే గురువమ్మ. ఆవిడ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. చేప కోయించుకోడానికొచ్చిన వాళ్ళు నాలుగు తిట్లు తిని, శుభ్రంగా కోసిన ముక్కలు పట్టుకుని వెళ్ళిపోతారు.

వస్తువులు పోగొట్టుకున్నవాళ్ళు కూడా ఆవిడ దగ్గరికే వస్తారు. పోయినదెవరిదో వాళ్ళే బోటు దగ్గరికి వెళ్ళి, బేరమాడకుండా ఒక చేప కొని తెచ్చివ్వాలి. గురువమ్మ పొట్ట కోస్తుంది. పోయింది అందులో ఉంటుంది. పెదవాల్తేరు టీచరమ్మ చెవిదిద్దు చందువలో దొరికింది. ఆటో సూరన్న లైసెన్సు కోనెం పొట్టలో దొరికితే కడిగి, లుంగీకి తుడుచుకుని ఆ మధ్యాహ్నమే బండి తీశాడు. మధురవాడ కంప్యూటరు ఆఫీసు కుర్రాడొకడు ఆఫీసు ఐడీ కార్డు కోసం వచ్చి, దొరికాక వాసనొస్తోందని ముక్కు మూసుకున్నాడు. "నిమ్మకాయ రుద్దరా, నీ ఆఫీసోళ్ళకి తెల్దు" అని గురువమ్మ తోలేసింది.

ఒక్కటే పట్టింపు. చేపలోంచి వచ్చింది ఏదైనా సరే, కళ్ళకద్దుకుని కొంగున కట్టుకోవాలి. ఇది నాది కాదు, నాకొద్దు అని పారేయకూడదు. ఎందుకంటే ఒడ్డు మీద ఒక కట్టుబాటు ఉంది. వల దులిపేటప్పుడు అక్కర్లేదని ఇసకలోకి విసిరేసింది ఏరుకున్నవాళ్ళ సొంతం. మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు, వేటకెళ్ళలేని ముసలాళ్ళు అలా ఏరుకున్న చేపలతోనే పొయ్యి వెలిగిస్తారు. విసిరింది మంచి చేపని తరవాత తెలిసినా సరే, బోటు గలవాడు వెనక్కి అడగడానికి వీల్లేదు. అడిగితే పేటంతా మొహాన ఉమ్మేస్తుంది.

ఇంక చంద్రిక సంగతి.

చంద్రిక ఈ పేట పిల్లే. తల్లీదండ్రీ చిన్నప్పుడే పోతే అన్న పోలిరాజు వేటకెళ్ళి నర్సింగు చదివించాడు. దువ్వాడ దగ్గర పెరిగిన స్టీల్ ప్లాంట్ ఉద్యోగి కొడుకు రోహిత్‌ని ప్రేమించి పెళ్ళి చేసుకుంది. వాళ్ళది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇద్దరూ కెనడా వెళ్ళారు. అక్కడే సన్నీ పుట్టాడు, వాడికిప్పుడు ఆరో ఏడు. ఆ దేశంలో ఎన్నాళ్ళయినా ఉండొచ్చని వాళ్ళ ప్రభుత్వం చంద్రికకి ఒక కార్డు ఇచ్చింది. ఆ దేశం నుంచి బయటికొచ్చేటప్పుడు ఆ కార్డు ఎవరూ అడగరు. తిరిగి వెళ్ళే విమానం ఎక్కేటప్పుడే అడుగుతారు. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి.

పోలిరాజు కొత్త ఫైబర్ బోటు కొన్నాడు. దాని పూజకి చెల్లెల్ని రమ్మన్నాడు. టికెట్ కొన్నది రోహితే. "వెళ్ళిరా చందూ. సన్నీకి స్కూలుంది కదా, నేను చూసుకుంటాలే. కడుపు నిండా చేపలు తినిరా" అన్నాడు. కర్టెన్లకి వాసన పడుతుందని ఇంట్లో చేపముక్క వండనివ్వని మనిషి అంతమాట అన్నాడని చంద్రిక పొంగిపోయింది. బ్యాగు కూడా ఆయనే సర్దాడని ఊరంతా చెప్పుకుంది. పిచ్చి మొహం.

పూజ బాగా జరిగింది. చంద్రిక హ్యాండ్ బ్యాగు భుజాన వేసుకునే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, బోటు ముక్కుకి పసుపు పూసింది. తిరుగు ప్రయాణానికి ముందురోజు బ్యాగు జిప్పు తీస్తే పాస్‌పోర్టు ఉంది, కార్డు లేదు. బట్టలన్నీ దులిపింది. పరుపు ఎత్తింది. బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టింది. బోటు దగ్గర నీళ్ళలోనే జారిపోయుంటుందని అందరూ తేల్చారు.

"సముద్రంలో పడితే మరేటి బెంగ సెల్లీ?" అన్నాడు పోలిరాజు. "సేప కొనుక్కుని గురువమ్మ కాడికెల్లు."

వెళ్ళింది. పెద్ద కోనెం కొంది, చెప్పిన ధర ఇచ్చింది. గురువమ్మ పొట్ట చీరి, లోపల వేళ్ళు పెట్టి చూసి, పేగులు పిల్లులకి వేసింది.

"ఏటీ నేదు."

"సరిగ్గా చూడు మామ్మా! కార్డు, ఇంతే ఉంటుంది..."

"నా సెయ్యికి సెప్తన్నావేటే? పోయిందైతే వచ్చీది. నీ కార్డు పోనేదు. ఎవులి దగ్గరో ఉంది."

ఆ ముక్కతో ఇంట్లో నిప్పు పడింది. ఎవరి దగ్గర ఉంటుంది? బ్యాగు ఉన్నది పోలిరాజు ఇంట్లో. పోలిరాజు వేటకి పోతే ఇంట్లో ఉండేది ఆయన భార్య వరహాలమ్మ. చంద్రిక బట్టలు ఉతికి మడతపెట్టింది ఆవిడే. వరహాలమ్మకి పిల్లల్లేరు. పొద్దున్నే సన్నీ వీడియో కాల్‌లోకి వస్తే, గుమ్మం పక్కన నిలబడి, "ఒకపాలి నా వేపు తిప్పవే, గుంటడ్ని సూత్తాను" అని అడిగేది. చంద్రిక అలా తిప్పి ఇలా తిప్పేసుకునేది. వాడు వరహాలమ్మ మొహం సరిగ్గా చూసింది కూడా లేదు.

"నేనిక్కడే పడుంటే నా కొడుకు కూడా ఇక్కడికే వస్తాడని నీ ఆశ వదినా. నా బ్యాగు ముట్టుకున్నది నువ్వొక్కదానివే. కార్డియ్యి."

వరహాలమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నాకేల నీ కార్డు? దానిమీద ఏటి రాసుందో సదవడమే రాదు నాకు."

"అయితే ఒట్టెయ్యి. నీళ్ళలో నిలబడి వెయ్యి."

జాలారిపేటలో నీళ్ళలో ఒట్టంటే చిన్నమాట కాదు. మొలలోతు నీళ్ళలో నిలబడి, వల అంచు పట్టుకుని, వచ్చిన అలకి మొహం తిప్పకుండా చెప్పాలి. దొంగతనం నింద పడ్డవాళ్ళకే అది. పేటలో ఆడమనిషి చేత ఆ ఒట్టు వేయించి చాలా ఏళ్ళయింది. కెనడాలో ఉండొచ్చిన చంద్రికకి మాత్రం ఆ ఆచారం ఒక్కటి బాగా గుర్తుంది చూడండి! పేట పెద్దలు సరేనన్నారు. పోలిరాజు వద్దనలేదు. చెల్లెలు చదువుకున్నది, కొత్త బోటుకి ఇంజను కొనిచ్చింది. తల గోక్కుంటూ నిలబడ్డాడు.

పట్టపగలు, పేట జనమంతా చూస్తూ ఉండగా, వరహాలమ్మ నీళ్ళలోకి దిగింది. అల మొహాన కొట్టింది. ముక్కులోకి, నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. కదల్లేదు. "నాను తియ్యనేదు" అంది. ఇంకో అల కొట్టింది. మళ్ళీ అదే మాట అంది. తడిచీరతో, జుట్టు విరబోసుకుని, ఇసకలో అడుగులు వేసుకుంటూ ఇంటికొచ్చి అన్నం వార్చింది. మొదటి కంచం చంద్రికకే పెట్టింది. ఆ రోజు నుంచి ఆడపడుచుతో మాట్లాడలేదు. చంద్రిక క్షమించమని అడగలేదు. ఒట్టు నిజమైతే అయింది, కార్డు దొరకలేదు కదా అని ఆమె ఏడుపు ఆమెది.

కార్డు లేకపోయినా తిరిగి వెళ్ళే దారి ఒకటుంది. అక్కడే కాపురముంటున్నానని రుజువులు పెట్టి ఒక కాగితం తెప్పించుకోవాలి. రుజువులన్నీ కెనడా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. రోహిత్ పంపాలి.

"పంపిస్తా చందూ, కంగారు పడకు."

వారం గడిచాక, "ఆఫీసులో పని. రేపు స్కాన్ చేస్తా."

నెల గడిచాక, "నువ్వే పోగొట్టుకుని నామీద అరుస్తావేంటి? సన్నీ బాగానే ఉన్నాడు. నువ్వు లేకపోయినా వాడికేం తక్కువ కాలేదు."

తరవాత వీడియో కాల్ కూడా మానేశాడు. సన్నీ నిద్రపోతున్నాడనో, స్నానం చేస్తున్నాడనో చెప్పి పెట్టేసేవాడు. చంద్రికకి తిండి సయించడం మానేసింది. ఎదురింటి పిల్లాడు అమ్మా అని పిలిస్తే ఉలిక్కిపడి లేచేది. కొడుకు కోసం కుమిలిపోయింది, అది అబద్ధం కాదు. కానీ నోరు తెరిస్తే కార్డు, కళ్ళు మూస్తే కార్డు. అదొక్కటుంటే చాలు, మిగతావన్నీ వాటంతటవే వస్తాయనుకుంది.

ఒకరోజు పొద్దున్న పిచ్చి పట్టినదానిలా ఒడ్డుకెళ్ళి, బేరమాడకుండా ఇంకో చేప కొని గురువమ్మ ముందు పడేసింది. పక్కనే వరహాలమ్మ చేపల గంప పెట్టుకుని కూర్చుని ఉంది. అది ఆవిడ రోజూ కూర్చునే చోటే. చంద్రిక ఆవిడ వైపు చూడలేదు.

గురువమ్మ పొట్ట చీరింది. ఈసారి వేళ్ళకి ఏదో తగిలింది. నీళ్ళలో ముంచి కడిగి, అరచేతిలో పెట్టి చూపించింది.

పన్ను. బియ్యపు గింజంత తెల్లటి పాలపన్ను.

చంద్రిక నర్సు. పసివాళ్ళ పన్నని ఒక్క చూపుకే తెలిసింది. ఎవరి బిడ్డదో మాత్రం తట్టలేదు. సన్నీకి ఇంకా ఒక్క పన్నూ కదల్లేదు, ఆమె బయల్దేరిన రోజుకి.

"తియ్యే. కళ్ళకద్దుకుని కట్టుకో" అంది గురువమ్మ.

"ఇదేంటి మామ్మా? నాకు కార్డు కావాలి!"

"నువ్వడిగింది రాదే. నువ్వు పోగొట్టుకున్నది వత్తాది. తియ్యి."

"ఎవరిదో పన్ను నేనేం చేసుకోను? నా కార్డు, నా కార్డు..." అంటూ చంద్రిక ఆ పన్ను అందుకుని దూరంగా విసిరేసింది. అది ఇసకలో పడింది.

గురువమ్మ తిట్టలేదు. "ఎల్లి తీసుకో. ఇంకా ఎవులూ ముట్టుకోనేదు" అంది మెల్లగా.

చంద్రిక వినిపించుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని ఏడ్చుకుంటూ రోడ్డు ఎక్కేసింది.

ఆమె కనుమరుగయ్యేదాకా వరహాలమ్మ గంప దగ్గరే కూర్చుంది. తరవాత లేచి, చేతులు కడుక్కుని, పిల్లుల్ని అదిలించి, వంగి ఇసకలో వెతికింది. దొరికింది. కళ్ళకద్దుకుంది. కొంగున ముడేసుకుని మళ్ళీ వచ్చి కూర్చుని, "రండమ్మా, కానాగంతలు, ఇప్పుడే దిగినాయి" అని కేకేసింది. గురువమ్మ చూసి, తరవాతి చేప అందుకుంది.

మర్నాడు పొద్దున్న చంద్రిక వీడియో కాల్ చేస్తే రోహిత్ కాదు, సన్నీయే ఎత్తాడు. తండ్రి స్నానాల గదిలో ఉన్నాడు. తెర నిండా కొడుకు మొహం. నిజం చెప్పాలంటే, ఆమె కంటికి ముందు కనబడింది మాత్రం కొడుకు కాదు. వాడి వెనకాల ఫ్రిజ్ ఉంది. ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం బొమ్మ కింద, ఆమె కార్డు ఉంది. దాని మీద ఆమె ఫొటో నవ్వుతోంది.

ఇన్నాళ్ళూ అక్కడే ఉంది. ఆమె ఇల్లు దాటకముందే దాన్ని బ్యాగులోంచి తీసేశాడు. రుజువులెందుకు పంపలేదో, చేపలు తినిరమ్మని ఎందుకన్నాడో, అన్నీ ఒక్కసారే తెలిసిపోయాయి.

"సన్నీ! నాన్నా! నాన్న ఏడి? ఆ కార్డు..."

వాడు కొత్తవాళ్ళని చూసినట్టు చూశాడు. నోరు తెరిచాడు. ముందు పన్ను లేదు, ఆ చోటు ఖాళీగా ఎర్రగా ఉంది.

"ఎవరు మీరు ఆంటీ?" అన్నాడు మర్యాదగా.

"ఆటలాడకురా. అమ్మనిరా!"

వాడు ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. అప్పుడే వరహాలమ్మ గంప నెత్తిన పెట్టుకుని వాకిట్లోంచి వెళుతోంది. వాడి మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"అమ్మా!" అని అరిచాడు. "అమ్మా, నీకోసమే చూత్తన్నాను! ఎప్పుడొత్తావు?"

వరహాలమ్మ గంప దించింది. దగ్గరికొచ్చి, ఫోన్ ముట్టుకోకుండా, నిలబడే చూసింది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. "పన్నూడిపోయిందేటి నా తండ్రికి?" అంది.

చంద్రిక ఆ సాయంత్రం వదిన కాళ్ళ మీద పడింది. అంత బిగువు మనిషి నేలమీద దొర్లింది. "ఆ పన్ను ఇచ్చెయ్ వదినా. నీకు దండం పెడతాను. నాకు తెలీలేదు, వాడిదని తెలీలేదు!"

"నాను దొంగలించినానేటి?" అంది వరహాలమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వు వొద్దన్నావు. ఇసకలో పారేసినావు. నాను ఏరుకున్నాను."

"తప్పయిపోయింది..."

"నీల్లల్లో నిలబెట్టినప్పుడు తప్పు కాదా? కార్డు కార్డు అన్నావు. దొరికింది కదా నీ కార్డు."

పోలిరాజు మధ్యలోకొచ్చాడు. "పోనీలే, ఇచ్చీవే. పసోడి సంగతి."

"నన్ను అలల్లో నిలబెట్టిన రోజున ఈ నోరు ఎక్కడికెల్లింది?" అని వరహాలమ్మ మొగుడి వైపు తిరిగింది. పోలిరాజు వల భుజాన వేసుకుని బోటు దగ్గరికి పోయాడు.

చంద్రిక పేట పెద్దల్ని కలిసింది. వాళ్ళు జాలిపడ్డారు, టీ ఇచ్చారు. "ఇసకలో పారేసింది తిరిగి అడగడమేటమ్మా, సదువుకున్నదానివి" అన్నారు. మొన్నామధ్య నీళ్ళ ఒట్టు వేయించమని ఆమె అడిగితే సరేనన్నది కూడా ఆ పెద్దలే. ఆచారం ఆచారమే కదా మరి.

అక్కడ రోహిత్ పని కూడా సాఫీగా సాగలేదు. పెళ్ళాన్ని సముద్రాల అవతల వదిలేస్తే కొడుకూ తనూ హాయిగా ఉండొచ్చనుకున్నాడు. సన్నీ అన్నం ముట్టుకోవడం మానేశాడు. బ్రెడ్డు విసిరికొట్టాడు. చింతపండు పులుసుతో కవ్వల చేపల కూర కావాలన్నాడు. వాడు పుట్టి బుద్ధెరిగాక కవ్వల వాసన చూసి ఎరగడు. స్కూల్లో అమ్మ బొమ్మ గియ్యమంటే నెత్తిన గంప, వరహాలమ్మకున్నట్టు ముక్కుకి రెండు వైపులా ముక్కుపుడకలు పెట్టి గీశాడు. "మా అమ్మ కాడికి నన్నెప్పుడు అంపుతావు?" అని తండ్రిని నిలదీశాడు. చిక్కి సగమయ్యాడు. డాక్టర్లు రక్తం తీసి చూసి ఏమీ లేదన్నారు.

చివరికి రోహితే ఫోన్ చేశాడు. "నా కొడుకుని ఏం చేశావే?"

"నువ్వు నన్ను చేసిందే" అంది చంద్రిక. వారం తిరగకుండా రోహిత్ కొడుకుని తీసుకుని బయల్దేరాడు.

విశాఖపట్నం ఎయిర్‌పోర్టు బయట అందరూ నిలబడ్డారు. చంద్రిక ముందు వరసలో, వాడికిష్టమైన నీలం చుడీదార్ వేసుకుని, చేతులు చాపి నిలబడింది. వరహాలమ్మ ఎక్కడో వెనక, స్తంభం చాటున ఉంది. గాజు తలుపులు తెరుచుకున్నాయి. సన్నీ తండ్రి చెయ్యి విదిలించుకుని పరిగెత్తాడు. చంద్రిక చాపిన చేతుల పక్కనుంచి, చుడీదార్ అంచు తగిలేంత దగ్గరగా దూసుకుపోయి, వరహాలమ్మ నడుం చుట్టేసుకున్నాడు. చీరలో మొహం దాచుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

రోహిత్ చంద్రిక మొహంలోకి చూడలేదు. జేబులోంచి తీసి ఇచ్చాడు. "ఇదిగో, నీ కార్డు. ఇంట్లోనే ఉండిపోయింది."

పోయిందనుకున్న కొత్తలో ఈ చేతికి ఆ కార్డు వచ్చుంటే చంద్రిక దాన్ని ముద్దు పెట్టుకునేది. ఇప్పుడు పట్టుకుని నిలబడింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు. రోహిత్ కొడుకుని కొన్నాళ్ళు ఉంచి తీసుకెళదామనుకున్నాడు. బయల్దేరే రోజు వాడు వరహాలమ్మ కొంగు వదల్లేదు, తండ్రి చెయ్యి కొరికాడు. రోహిత్ ఒక్కడే విమానం ఎక్కాడు. ఆయన మీద మనం జాలిపడక్కర్లేదు.

చంద్రిక వెళ్ళలేదు. కార్డుంది, పాస్‌పోర్టుంది, విమానాలు రోజూ ఉన్నాయి. ఎవరికోసం వెళుతుంది? అన్న ఇంట్లోనే, చావిడి మూల ఉంది. సన్నీ ఆమెతో బాగానే ఉంటాడు. అడిగినవి తెచ్చిపెడుతుంది కదా. రాత్రయితే మాత్రం వరహాలమ్మ పక్కలోకే పోతాడు.

ఒకరోజు పొద్దున్నే చంద్రిక మళ్ళీ ఒడ్డుకెళ్ళి, బేరమాడకుండా చేప కొని, గురువమ్మ ముందు పెట్టింది. ఏం పోయిందని గురువమ్మ అడగలేదు. పొట్ట చీరింది. పేగులు తీసింది. వేళ్ళు పెట్టి, ఎప్పుడూ చూడనంతసేపు వెతికింది. కడిగింది. మళ్ళీ వెతికింది.

"మంచి సేపే" అంది చివరికి, ముక్కలు సంచిలో వేస్తూ. "పులుసుకి బాగుంటాది. అట్టుకెల్లు."

మధ్యాహ్నం వరహాలమ్మ ఆ చేపే పులుసు పెట్టింది. ముల్లు తీసి, ముద్ద కలిపి, సన్నీ నోట్లో పెడుతోంది. ఎదురుగా చంద్రిక కంచంలో అన్నం అలాగే ఉంది.

"అమ్మా," అన్నాడు సన్నీ, నిండిన బుగ్గతో. "అత్త తినదేటి?"

"తింటాదిలే. నువ్వు ఆఁ అను."

వాడు కళ్ళు మూసుకుని నోరు బార్లా తెరిచాడు. ముందు ఖాళీలో కొత్త పన్ను మొలుస్తోంది.